రెండు ప్రపంచాలు, ఒక అలమారా

పళ్లమ్మ అని పిలవడం విన్న కొత్తవాళ్లు ఆవిడకి ఎక్కడో పళ్ల దుకాణం ఉందనుకునేవారు. ఆవిడవి తినే పళ్లు కావు, నమిలే పళ్లు. ఒక పంటి ఆసుపత్రి వెనకవైపు గదిలో, కిటికీ పక్కన బల్ల వేసుకుని, ఏళ్ల తరబడి కట్టుడు పళ్లు చేస్తోంది. నోట్లో వేలు పెడితే కొరకలేని పెద్దవాళ్లు చాలామంది ఆవిడ చేతి చలవ వల్లే మళ్లీ కొరకడం మొదలుపెట్టారు.

యాభై దాటాక ఆవిడ రెండో పెళ్లి చేసుకుంది. మొదటాయన పోయి చాలాకాలమైంది. ఒక్కగానొక్క కూతురు నర్సు ఉద్యోగంలో చేరి హాస్టల్లో ఉంటోంది. పెళ్లికొడుకు పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, అందరికీ లిఫ్టాయన. ఆయనకి ఇదే మొదటి పెళ్లి. ఇన్నాళ్లూ ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "పైకీ కిందికీ తిరగడంతోనే సరిపోయింది, పక్కకి చూసే తీరిక లేకపోయింది" అనేవాడు.

ఇద్దరినీ కలిపినవి తపాలా బిళ్లలు. ఊరి గ్రంథాలయం మేడమీద గదిలో ఆదివారం ఉదయాలు స్టాంపుల క్లబ్బు జరిగేది. పొడుగాటి బల్లకి ఆ చివర లిఫ్టాయన, ఈ చివర పళ్లమ్మ. ఇద్దరిదీ ప్రపంచమంతా సేకరించే పిచ్చే గానీ ఎవరి పిచ్చి వాళ్లది. ఆయనవి అచ్చు ఆల్బములు. ఒక్కో దేశానికి కొన్ని పేజీలు, పేజీ నిండా గళ్లు, ఏ గడిలో ఏ బిళ్ల కూర్చోవాలో దాని బొమ్మ లేతగా ముందే అచ్చేసి ఉంటుంది. దేశాలన్నీ అక్షర క్రమంలో ఉండాలి. బిళ్ల కొత్తదై ఉండాలి, వెనక జిగురు చెదరకూడదు, ముందు ముద్ర పడకూడదు. ఆవిడవి తెల్ల కాగితాలు. దేశాలతో పని లేదు. పక్షులన్నీ ఒకచోట, వంతెనలన్నీ ఒకచోట, ఓడలు, గడియారాలు, టోపీ పెట్టుకున్న మొహాలు. అన్నీ ఉత్తరాల మీంచి ఊడదీసినవే. ఆసుపత్రికి వచ్చే కవర్లు, ఇరుగుపొరుగు ఇచ్చినవి, కొత్త పళ్లు పెట్టుకుని నవ్వుతూ వెళ్లినవాళ్లు మరోసారి వచ్చినప్పుడు గుర్తుపెట్టుకుని తెచ్చినవి.

వాళ్లిద్దరి మొదటి మాటే తగువు.

"హెల్వెషియా అని రాసున్న బిళ్లని 'స' దగ్గర ఎందుకు పెట్టారండీ?" అని అడిగింది పళ్లమ్మ, ఆయన ఆల్బమ్ మీదకి వంగి.

"అది స్విట్జర్లాండ్ కాబట్టి."

"ఆ సంగతి దానికి తెలుసా?"

లిఫ్టాయన ఆల్బమ్ మూసేశాడు. తరవాతి ఆదివారం జవాబుతో వచ్చాడు. ఆవిడ దానికీ ఒకటి అడ్డం వేసింది. తగువు టీ దుకాణం దాకా సాగింది, అక్కణ్ణుంచి బస్టాండు దాకా, చివరికి రిజిస్ట్రారు ఆఫీసు దాకా. సాక్షి సంతకం పెడుతూ క్లబ్బు సెక్రటరీ, ఆయనది కళ్లద్దాల షాపు, "ఇంతకీ ఆ స్విట్జర్లాండ్ సంగతి తేలిందా?" అని అడిగాడు. తేలలేదని ఇద్దరూ ఒకేసారి చెప్పారు.

పళ్లమ్మ రెండు పెట్టెల బట్టలతోనూ, లెక్కలేనన్ని అట్టపెట్టెల స్టాంపులతోనూ ఆయన ఫ్లాటులోకి వచ్చింది. హాలు, పడకగది, వంటగది. హాల్లో గోడ పొడుగునా ఒక అలమారా, దాని నిండా నీలం అట్టల ఆల్బములు, బడిపిల్లల్లా వరసగా. ఆవిడ పెట్టెలు మంచం కిందికి వెళ్లాయి, ఫ్రిజ్ మీదకి ఎక్కాయి, కొన్ని బట్టలుతికే యంత్రం మీద కూర్చుని అది తిరిగినప్పుడల్లా వణికాయి. మనుషులిద్దరికీ ఆ ఇల్లు బాగానే సరిపోయింది. ప్రపంచాలు రెండు పట్టలేదు. ఒకరోజు పొద్దున్నే లిఫ్టాయన మోకాలు మంచం పక్కన ఉన్న పెట్టెకి కొట్టుకుంది. మంచం మీద కూర్చుని మోకాలు రుద్దుకుంటూ కాసేపు ఆలోచించాడు.

"రెండూ కలిపేద్దామండీ" అన్నాడు.

పళ్లమ్మ చేతిలో టీ కప్పు ఆగింది. "కలిపేస్తే మళ్లీ విడదీయడం ఉండదు. ఏది ఎవరిదో తెలీదు."

"విడదీయాల్సిన అవసరం ఏముంది?"

ఆయన మామూలుగానే అన్నాడు, లిఫ్టు తీగ గురించి చెప్పినట్టు. ఆవిడకి మాత్రం రిజిస్ట్రారు ఆఫీసులో సంతకం పెట్టినప్పటికంటే ఈ మాట దగ్గరే నిజంగా పెళ్లయినట్టు అనిపించింది. కూతురికి ఫోన్ చేసి చెప్తే ఆ పిల్ల నవ్వింది.

"ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవంటారు కదమ్మా."

"ఇవి కత్తులు కావే, కాగితాలు."

"కాగితాలకే కోర్టులకెళ్తున్నారు జనం. సరే, బాబాయ్‌ని మోకాలికి ఐసు పెట్టుకోమను."

కలపడం సరే, ఏ వరసలో? మాట్లాడుకోగా మాట్లాడుకోగా ఒక ఒప్పందానికి వచ్చారు. దేశాలు ఆయన చెప్పినట్టు అక్షర క్రమంలో ఉంటాయి. ఒక్కో దేశం లోపల ఆవిడ చెప్పినట్టు పక్షులు పక్షుల పక్కన, వంతెనలు వంతెనల పక్కన. మరి ఏ కాగితాల మీద? అది మాత్రం ఇంట్లో తేలే విషయంగా కనిపించలేదు. శనివారం ఇద్దరూ కాగితాల దుకాణానికి వెళ్లారు.

దుకాణం పొడుగ్గా, ఇరుగ్గా, కొత్త పుస్తకం వాసనతో ఉంది. బల్ల వెనక ఉన్నావిడ వీళ్లని చూసి, "పెళ్లి ఫొటోలకా?" అంది.

"పెళ్లయిపోయిందండీ. ఇది సంసారానికి" అన్నాడు లిఫ్టాయన.

ఆవిడ రకరకాల పేజీలు తీసి బల్ల మీద పరిచింది. గళ్లూ బొమ్మలూ ముందే అచ్చేసినవి, తెల్లగా ఏమీ లేనివి, నల్లవి, పైన ప్లాస్టిక్ జేబులు కుట్టినట్టు ఉన్నవి. లిఫ్టాయన జేబులోంచి కొలత కడ్డీ తీసి పేజీల అంచున ఉన్న కంతల దూరం కొలిచాడు. రింగుల ఫైలు అట్టలో పేజీ సాఫీగా తిరగాలని ఆయన పట్టుదల. పళ్లమ్మ కాగితాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి చూసింది, మూల మడిచి వదిలింది, చివరికి చెంపకి ఆనించుకుంది.

"చెంపకి ఎందుకు?" అంది దుకాణం ఆవిడ.

"గరుకు వేలికంటే చెంపకి బాగా తెలుస్తుంది. మా పనిలో అలవాటు."

లిఫ్టాయన గళ్లు అచ్చేసినదాన్ని ముందుకు లాగాడు. "ఇదైతే ఏది ఉందో ఏది లేదో చూడగానే తెలుస్తుంది."

"లేనిది తెలుసుకుని ఏం చేస్తాం?"

"వెతుక్కుంటాం."

"ఏమనుకోకండి గానీ, మీ ఆల్బమ్ ఏ పేజీ తెరిచినా నాకు పళ్లూడిన నోరు చూసినట్టే ఉంటుంది. ఆదివారం కూడా ఉద్యోగానికి వెళ్లినట్టుంటుంది."

దుకాణం ఆవిడ నవ్వు ఆపుకోవడానికి కింద ఏదో వెతికినట్టు వంగింది. లేచేసరికి ఆవిడ చేతిలో ఇంకో రకం ఉంది. దూరంనుంచి చూస్తే తెల్ల కాగితమే. దగ్గరికి తెస్తే పేజీ అంతా వెంట్రుకంత సన్నటి లేత బూడిదరంగు గళ్లు. వరస తప్పకుండా అమర్చుకోవచ్చు, ఎక్కడ ఏది రావాలని మాత్రం అది చెప్పదు. ఏళ్లు గడిచినా పసుపెక్కదంది దుకాణం ఆవిడ. లిఫ్టాయన కంతలు కొలిచాడు. పళ్లమ్మ చెంపకి ఆనించుకుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. బేరం కుదిరినట్టే.

అలమారా ఒకటే కాబట్టి ఇంటికొచ్చాక ఇంకో రూలు పెట్టుకున్నారు. ఒకే బిళ్ల ఇద్దరి దగ్గరా ఉంటే, రెంటిలో మేలైనది పేజీలోకి వెళ్తుంది, రెండోది క్లబ్బులో మార్పిడికి వెళ్లే కవర్లోకి. రూలు అన్నది లిఫ్టాయనే అయినా, సరేనన్నది పళ్లమ్మే. న్యాయంగానే తోచింది.

పని మొదలైంది. భోజనాల బల్ల భోజనానికి పనికిరాకుండా పోయింది. గోరువెచ్చని నీళ్ల పళ్లెంలో కవరు ముక్కలు తేలేవి. కాసేపటికి జిగురు వదిలి బిళ్లలు వాటంతటవే జారి విడిపోయేవి. పళ్లమ్మ వాటిని పట్టకారుతో ఎత్తి ఇంకు పీల్చే కాగితాల మధ్య పరిస్తే, లిఫ్టాయన పైన తన పనిముట్ల పెట్టె బరువు పెట్టేవాడు. ఆస్ట్రియా, ఆస్ట్రేలియా కలిసిపోయి ఒక సాయంత్రమంతా వాటిని విడదీయడానికే పట్టింది. "ఇంత దూరాన ఉన్న దేశాలు మన బల్ల మీద ఇరుగుపొరుగయ్యాయి చూడండి" అని ఆయన మురిసిపోయాడు. పాట పాడుకుంటూ బిళ్లల చుట్టూ గీతలు గీసేవాడు. ఆయన రాత కోడి గీతల్లా ఉంటుంది కాబట్టి దేశాల పేర్లు పళ్లమ్మే రాసేది.

కొన్ని వారాలు పోయాక ఆవిడకి ఏదో పంటి కింద రాయిలా తగలడం మొదలైంది. ఏమిటో మొదట తెలియలేదు. ఒకరోజు పూర్తయిన పేజీలు ఒక్కొక్కటీ తిప్పుతూంటే తెలిసింది. అన్నీ మెరిసిపోతున్నాయి. అన్నీ ముద్రలేని, మడతలేని, జిగురు చెదరని బిళ్లలు. అన్నీ ఆయనవే, ఆవిడ దగ్గరున్నవి దాదాపు అన్నీ ఆయన దగ్గర కొత్తగా ఉండడంతో. ఆవిడవి మార్పిడి కవర్లో ఉన్నాయి, ఆ కవరు నిండి రెండోది కూడా నిండుతోంది. తప్పు ఎవరిదీ కాదు. ఆయనవి దుకాణాల్లో ఎంచి కొన్నవి, ఆవిడవి దేశాలు దాటి, సంచుల్లో నలిగి, నెత్తిన ముద్ర గుద్దించుకుని వచ్చినవి. మేలైనది ఏదని అడిగితే గుడ్డివాడైనా ఆయనదే చూపిస్తాడు.

'మన ఆల్బమ్' అని ఆయన నోటినిండా అంటున్నాడు. ఇందులో నేనెక్కడున్నాను అనుకుంది పళ్లమ్మ. రాసిన పేర్లలో ఉన్నాను, అంతే. ఒప్పుకున్న రూలు మీద ఇప్పుడు మూతి ముడిస్తే బాగుండదని మింగలేక కక్కలేక ఊరుకుంది.

ఆ ఆదివారం క్లబ్బులో లిఫ్టాయన రెండు కవర్లూ మార్పిడి బల్ల మీద ఉదారంగా కుమ్మరించాడు. జనం మూగారు. పళ్లమ్మ తన చోట కూర్చుని టీ తాగుతూ చూసింది. ఒకాయన ఆవిడ లకుముకిపిట్ట బిళ్లని వేలితో పక్కకి తోశాడు. ఇంకొకావిడ వంతెన బిళ్లని ఎత్తి చూసి, ముద్ర మరీ నల్లగా ఉందని కింద పడేసింది. పళ్లమ్మ కప్పు పక్కన పెట్టి లేచింది. తన సంచీలోంచి, ఏదైనా నచ్చితే మార్చుకోవచ్చని తెచ్చుకున్న నాలుగు మంచి బిళ్లలు తీసి బల్ల మీద పెట్టి, లకుముకిపిట్టనీ, వంతెననీ, ఇంకో రెంటినీ తీసుకుంది.

కళ్లద్దాల సెక్రటరీ మార్పిడి రాసే మనిషి. కళ్లజోడు పైకెత్తి చూశాడు. "ఇది మీరిచ్చిందేనమ్మా ఇందాక."

"తెలుసండి."

"మీరు పెడుతున్నది దీనికంటే ఎంతో బాగుంది."

"అదీ తెలుసు."

"మరెందుకు?"

"అది నాది కాబట్టి."

ఈ మాట అన్నప్పుడు లిఫ్టాయన సరిగ్గా వెనకే ఉన్నాడు. బస్సులో ఇంటికి వచ్చారు. తాళం తీసి లోపలికి వచ్చాక అడిగాడు.

"మనం ఇచ్చినవే తెచ్చుకున్నారు."

"అవును." ఆవిడ లకుముకిపిట్టని అరచేతిలో పెట్టుకుంది. "ఇది తెచ్చిన పెద్దావిడకి పళ్లు కట్టడం నా మొదటి సొంత పని. పెట్టుకున్నాక అద్దంలో చూసుకుని, నేను మా అమ్మలా ఉన్నానే అని నవ్వింది. మరుసటి నెల తమ్ముడి ఉత్తరం మీంచి ఇది చింపి తెచ్చింది. ఈ వంతెన మా అమ్మాయి చింపింది, చిన్నప్పుడు. అందుకే మూల లేదు."

ఆయన శ్రద్ధగానే విన్నాడు. కానీ ఆయన బుర్ర సూటిగా నడిచే బుర్ర. మీట నొక్కితే తలుపు తెరుచుకోవాలి. "నాకు ముందే చెప్పాల్సింది. అలా అయితే మరి రూలు ఎందుకు? సరే, మీవి మీ పెట్టెల్లోనే ఉంచుకోండి, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు.

మంచి మనసుతోనే అన్నాడు. కానీ ఇన్ని నెలల్లో 'మన' అనే మనిషి 'మీవి' అనడం అదే మొదటిసారి. పళ్లమ్మ వంటగదిలోకి వెళ్లి కూరగాయలు అవసరానికంటే సన్నగా తరిగింది. ఆ వారమంతా బల్ల మీద పని సాగింది గానీ పాట ఆగిపోయింది. ఇద్దరూ ఒకరికొకరు పట్టకార్లు మరీ మర్యాదగా అందించుకున్నారు.

అలా మర్యాదగా సాగుతూనే నీలం ఓడ ఉన్న దేశానికి వచ్చారు.

అదొక చిన్న ద్వీప దేశం. నీలం ఓడ బొమ్మ ఉన్న దాని బిళ్ల లిఫ్టాయన సేకరణకి తలమానికం. క్లబ్బులో కొత్తగా చేరిన ప్రతివాళ్లకీ ఆయన దాన్ని చూపిస్తాడు. చేతులు కడుక్కుని వచ్చి, ఆల్బమ్ తెరిచి, దాన్ని పట్టకారుతో తీసి బల్ల మధ్యలో పెట్టాడు. పళ్లమ్మ తన ఓడల కాగితాలు తిరగేసింది. అక్కడా ఉంది నీలం ఓడ, తెరచాప మీద అడ్డంగా నల్లటి ముద్రతో. దాన్ని తెచ్చి పక్కన పెట్టింది.

లిఫ్టాయన రెంటివైపూ చూసి గొంతు సవరించుకున్నాడు. వారంరోజులుగా ఆయనకీ ఇంట్లో గాలి ఆడడం లేదు. రాజీకి దారి వెతుక్కుంటున్నాడు.

"ఈసారి మీరు చెప్పండి ఏది మేలో. మీ కళ్లు నా కళ్లకంటే సూక్ష్మం. మీరేది చెప్తే అదే పేజీలోకి. రెండో మాట లేదు."

పళ్లమ్మ పరిస్థితి అడకత్తెరలో పోకచెక్కలా అయింది. ఎందుకంటే ఆయన ఓడ సంగతి ఆవిడకి చాలాకాలంగా తెలుసు. ఎప్పుడో క్లబ్బులో ఆయన మొదటిసారి చూపించినప్పుడే కనిపెట్టింది. స్టాంపు అంచున ఉండే పళ్లలో, కుడివైపు కింద మూల రెండు పళ్లు దానివి కావు. ఎవరో నేర్పరి ఊడిన మూలకి వేరే కాగితం నార అతికి, అంచు దిద్ది, రంగు కలిపాడు. లోకంలో ఎవరికి తెలియకపోయినా, రోజంతా పళ్లకి పళ్లు జతచేసే మనిషికి తెలియకుండా ఉంటుందా.

"రెండూ బాగున్నాయి" అంది.

"అలా కాదు. రూలు ప్రకారం చెప్పండి."

"వదిలేయండి. మీదే పెట్టండి."

"మీరు నా మీద జాలిపడి చెప్తున్నారు. నాకు అలా వద్దు. నిజం చెప్పండి."

పళ్లమ్మ ఆయన మొహం చూసింది. ఇది దెప్పడం కాదు, అడగడమే. ఆవిడ భూతద్దం ఆయన వైపు జరిపింది. "కుడివైపు కింద మూల చూడండి. చివరి రెండు పళ్లూ కట్టుడు పళ్లు."

ఆయన చాలాసేపు చూశాడు. దీపం దగ్గరికి జరుపుకుని చూశాడు, తిప్పి వెనకవైపు చూశాడు. ఒకసారి తెలిశాక అదే కనిపించడం మొదలైంది.

"మీకు ఎప్పట్నుంచి తెలుసు?"

"మొదటిసారి మీరు చూపించినప్పట్నుంచి."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు దాన్ని చూసుకునే తీరు చూసి. కట్టుడు పళ్లు నోట్లో చక్కగా కుదిరి, మనిషి హాయిగా నవ్వుతుంటే, అవి మీవి కావండీ అని ఎవరైనా గుర్తుచేస్తారా?"

లిఫ్టాయన లేచి చెప్పులేసుకుని బయటికి వెళ్లాడు. దూరం వెళ్లలేదు, వాళ్ల భవనం లిఫ్టు దగ్గరే ఆగాడు. దానికి ఏ జబ్బూ లేకపోయినా తలుపు పట్టాలు తుడిచి నూనె వేశాడు. పైకి ఒకసారి, కిందికి ఒకసారి వెళ్లొచ్చాడు. మూడో అంతస్తు టీచరమ్మ కూరగాయల సంచీతో ఎదురుచూస్తూ ఏమైందని అడిగితే, "లిఫ్టు బాగానే ఉందండీ, నాకే కాస్త" అన్నాడు.

నల్లబడ్డ చేతులతో తిరిగొచ్చి, సబ్బుతో కడుక్కుని, బల్ల దగ్గర కూర్చున్నాడు. పట్టకారుతో తన ఓడని ఎత్తాడు. మార్పిడి కవరు దాకా తీసుకెళ్లాడు. అక్కడ ఆగాడు. మళ్లీ బల్ల మీద పెట్టాడు.

"దీనికోసం నేను సైకిలు ఇచ్చేశాను" అన్నాడు. "ఉద్యోగం కొత్త. షాపు అద్దంలో దీన్ని రోజూ చూసేవాణ్ణి. షాపాయనకి సైకిలు కావాలి, నాకు ఓడ కావాలి. ఆ తరవాత ఎన్నాళ్లు నడిచి పనికెళ్లానో. చెప్పులు అరిగిపోయేవి. దారంతా జేబులో చెయ్యి పెట్టుకుని నడిచేవాణ్ణి, ఓడ ఇంట్లో ఉన్నా సరే." పట్టకారు పక్కన పెట్టి, "సైకిలు ఇచ్చి మోసపోయానన్నమాట. అయినా దీన్ని పంపడం నా వల్ల కావట్లేదండీ" అన్నాడు.

ఇప్పుడు తెలిసిందా అని అడగడానికి అంతకంటే మంచి సందు దొరకదు. పళ్లమ్మ అడగలేదు.

"నేను పంపమన్నానా?" అంది.

ఆయన ఆవిడవైపు చూశాడు. తరవాత ఆవిడ ఓడవైపు, దాని తెరచాప మీదున్న ముద్రవైపు. భూతద్దం ఎలాగూ చేతిలోనే ఉంది. ముద్రలో సగం చెరిగిన ఊరి పేరు చదవబోయాడు. మొదటి అక్షరాలు దొరికాయి, మిగతావి దొరకలేదు. అట్లాసు తీశాడు. ఆ ద్వీపంలో ఆ అక్షరాలతో మొదలయ్యే ఊరు ఒక్కటే ఉంది, కొండ మీద, సముద్రానికి దూరంగా.

"కొండ మీంచి ఈ ఉత్తరం రేవుకి ఎలా దిగిందంటారు?" అన్నాడు.

"గాడిద మీద దిగిందేమో."

"మెట్లుంటే గాడిద ఎలా వస్తుంది?"

"లిఫ్టు పెట్టించారేమో."

ఆయనకి నవ్వొచ్చింది. వారంరోజుల తరవాత వచ్చిన నవ్వు కాబట్టి ఆగకుండా వచ్చింది. లేచి వెళ్లి మార్పిడి కవరు తెచ్చి, మిగిలిన ఆవిడ బిళ్లలన్నీ బల్ల మీద గుమ్మరించాడు. ముద్ర తరవాత ముద్ర చదువుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్లూ మచ్చ అనుకున్నదాంట్లో ఊళ్లున్నాయని ఆయనకి ఆ సాయంత్రం దాకా తెలియదు. భోజనానికి పిలిస్తే, "ఒక్క నిమిషం, వర్షాకాలంలో వేసిన ఉత్తరం ఇది" అన్నాడు. కూర చల్లారిపోయింది.

మర్నాడు రూలు రద్దయింది. ఒకే బిళ్ల ఇద్దరి దగ్గరా ఉంటే రెండూ పక్కపక్కనే కూర్చుంటాయి, ఇల్లు కదలనిది ఎడమవైపు, ఊళ్లు తిరిగొచ్చింది కుడివైపు. చేసిన పేజీలన్నీ ఊడదీసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. లిఫ్టాయన వాటిని ఊడదీస్తూ పాడిన పాట పక్క ఫ్లాటుకి కూడా వినిపించింది. పేజీలు రెట్టింపు కావాలి, చోటూ రెట్టింపు కావాలి. ఖాళీ గళ్ల నీలం ఆల్బముల్ని ఆయనే అట్టపెట్టెలో సర్ది క్లబ్బుకి ఇచ్చేశాడు. వరసలో కూర్చోబెట్టడం ఇష్టమైనవాళ్లు ఎవరైనా వాడుకుంటారని. ఇచ్చిన రోజు మాత్రం ఇంటికొచ్చి ఖాళీ అరల్ని చూస్తూ కాసేపు దిగాలుగా నిలబడ్డాడు. పళ్లమ్మ వచ్చి ఆయన పక్కన నిలబడింది. తరవాత ఇద్దరూ కలిసి అరలు తుడిచారు.

సెలవు దొరికి కూతురు వచ్చింది. భోజనాల బల్ల మీద చోటు లేక వంటగది గట్టు దగ్గర నిలబడి తింటూ, "మీ ఇద్దరికీ మందు లేదు, నేను నర్సుని, చెప్తున్నాగా" అంది. తిన్నాక చేతులు తుడుచుకుని తనే ఒక పట్టకారు తీసుకుంది. మూలలేని వంతెన కనిపించి, "ఇదేంటి, ఇలా చింపిందెవరు?" అంది. తల్లి, బాబాయ్ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

చలికాలం వచ్చేసరికి మొదటి అట్ట నిండింది. క్లబ్బు వార్షిక ప్రదర్శనలో పెట్టమని సెక్రటరీ పట్టుబట్టాడు. గ్రంథాలయం మేడమీద తెరల మీద పేజీలు వరసగా బిగించారు. పొరుగూరినుంచి వచ్చిన న్యాయనిర్ణేత, ఆయన పెద్ద స్టాంపుల వ్యాపారి, పేజీ పేజీకీ ఆగుతూ నడిచాడు. నీలం ఓడల దగ్గర భూతద్దం తీశాడు. ఆయన గొంతు సహజంగానే పెద్దది.

"ఎడమవైపుది మరమ్మతు చేసిన బిళ్ల. కింది మూల అతికారు. ఇది ప్రదర్శనకి పనికిరాదు."

పళ్లమ్మ భర్త చెయ్యి పట్టుకోబోయింది. అప్పటికే ఆయన అక్కడ లేడు, ముందుకెళ్లిపోయాడు.

"అవునండీ, రెండు కట్టుడు పళ్లు" అన్నాడు లిఫ్టాయన, బంధువుల్ని పరిచయం చేస్తున్నట్టు. "మీకు భూతద్దం కావాల్సి వచ్చింది. మా ఆవిడ ఉత్త కంటితో కనిపెట్టింది. ఇలా రండి, పక్కదాని ముద్ర చూపిస్తాను. కొండ మీద ఊరది." ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. న్యాయనిర్ణేత తప్పించుకోబోయి, కుదరక విన్నాడు. వింటూ వింటూ తనే అట్లాసు అడిగాడు. వెనక జనం చేరారు. గాడిద వచ్చే దారి ఉండే ఉంటుందని ఒకరూ, ఉండదని ఒకరూ అన్నారు. పళ్లమ్మ ఒక కుర్చీ లాక్కుని కూర్చుని టీ తెప్పించుకుంది.

బహుమతి ఏదీ రాలేదు. మరమ్మతు బిళ్ల పెట్టినందుకు మార్కులు పోయాయని కాగితం మీద రాసిచ్చారు. సాయంత్రం పేజీలు విప్పి అట్టలో సర్దుకుని బయటికొచ్చేసరికి సన్నగా వాన పడుతోంది. బస్టాపు వీధి చివర ఉంది. గొడుగు తేవాలని ఇద్దరికీ గుర్తులేదు. లిఫ్టాయన కోటు విప్పాడు. పళ్లమ్మ భుజాల మీద వేస్తాడనుకుంది. ఆయన దాన్ని ఆల్బమ్‌కి చుట్టబోయి, సగంలో ఆగి, ఆవిడవైపు చూశాడు.

"చుట్టండి, చుట్టండి" అంది పళ్లమ్మ. "మనం ఆరతాం."

ఒక చివర ఆయన, ఒక చివర ఆవిడ పట్టుకుని, తడుస్తూ, గాడిద సంగతి మాట్లాడుకుంటూ బస్టాపుకి నడిచారు.